తల కడిగిన చేతికి

బేసిన్ దగ్గర తల కడిగించుకున్నవాళ్ళు కుర్చీ దాకా నడిచేలోపే కడిగిన మనిషిని మర్చిపోతారు. అది పూర్తిగా వాళ్ళ తప్పు కూడా కాదు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నవాళ్ళకి పైనున్న మొహం కనిపించదు, వేళ్ళు మాత్రమే తెలుస్తాయి. కళ్ళు తెరిచాక ఎదురుగా ఉండేది అద్దం, అద్దంలో కత్తెర పట్టుకున్న మనిషి. అందుకని పర్సు తీశాక చెయ్యి కత్తెర వైపే పోతుంది.

ఈ సంగతి పిట్టకి ఏళ్ళ తరబడి తెలుసు. తెలిసినా బాధపడిందేమీ లేదు, ఎందుకంటే కత్తెర పట్టుకున్న మనిషి తనే. బేసిన్ దగ్గర అక్క నిలబడడం మొదలుపెట్టాక గానీ అది ఆమె మనసులో గుచ్చుకోలేదు.

పిట్ట అంటే చిన్నపిల్ల కాదు, నలభై దాటిన మనిషి. ఎప్పుడో పీలగా, బెదురు చూపులతో ఈ పార్లర్లో పనికి చేరినప్పుడు అక్క పెట్టిన పేరు అది. మనిషి ఒళ్ళు చేసినా పేరు బక్కగానే ఉండిపోయింది. అక్క కూడా తోడబుట్టిన అక్క కాదు. ఈ పార్లర్ పెట్టిందీ, పిట్టకి దువ్వెన పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిందీ ఆవిడే. వచ్చేవాళ్ళందరికీ ఆవిడ మేడమ్. పిట్టకీ, జుట్టుకి రంగులు వేసే రంగులావిడకీ మాత్రం అక్క.

వేసవి చివర్లో ఆవిడకి చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు ఒకావిడ చెవి అంచు కత్తెర మొనకి చిక్కి నెత్తురు కారింది. ఆ సాయంత్రం ఆవిడ కత్తెరని గుడ్డలో చుట్టి పిట్ట చేతిలో పెట్టి, "ఇంక నావల్ల కాదే. నువ్వే తీసుకో, షాపు కూడా" అంది. పిట్టా, పిట్ట మొగుడూ అప్పో సప్పో చేసి కొనుక్కున్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేనని చెప్పి అక్క బేసిన్ దగ్గరికి మారింది. వణికే చేతులైనా తల కడగడానికి పనికొస్తాయి. నురగలో వణుకు కనబడదు.

పార్లర్ చేతులు మారిన సంగతి బయట ఎవరికీ తెలియదు. చెప్పొద్దని అక్క అనలేదు, చెప్తానని పిట్ట అనలేదు. గుమ్మం మీద బోర్డు అదే, కుర్చీలు అవే, మనుషులూ వాళ్ళే. అక్కని బేసిన్ దగ్గర చూసినవాళ్ళు, "అయ్యో, మీరు కడగడమేమిటి మేడమ్, ఎవరినైనా పెట్టుకోవచ్చుగా" అనేవాళ్ళు. ఆవిడ నవ్వేసి, "ఒళ్ళు వంచకపోతే తుప్పు పడుతుందమ్మా" అనేది.

టిప్పులకి ఒక మర్యాద ఉంది. ఏ గోడ మీదా రాసి ఉండదు, అయినా అందరూ పాటిస్తారు. పనిచేసేవాళ్ళకి ఇస్తారు, ఓనరుకి ఇవ్వరు. ఇస్తే అవమానం. అక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా టిప్పు పుచ్చుకోలేదు. కొత్తవాళ్ళెవరైనా తెలియక ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గడ్డంతో పిట్ట వైపు చూపించేది. ఆ చూపించడంలో ఉన్న దర్జా చూసి పిట్ట లోలోపల మురిసిపోయేది. ఆవిడ దగ్గర పనిచేస్తున్నందుకు అంతో ఇంతో తనకీ దర్జా ఉందనుకునేది.

ఇప్పుడు లెక్క తలకిందులైంది. షాపు ఓనరు ఏప్రన్ జేబులో టిప్పులు పడుతున్నాయి. జీతానికి వచ్చే మనిషి వట్టి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటోంది. నవ్వొచ్చే సంగతే, అయితే ఆ షాపులో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. అక్క గొడుగు మడిచి మూల పెట్టి, బూట్లు విప్పి, డ్రయ్యర్ కింద ఆరబెట్టింది. పిట్ట నేల తుడుస్తూ వాటిని చూసింది. ఎడమ బూటు అడుగు ఊడి నోరు తెరుచుకుని ఉంది. లోపల తడి తగలకుండా ప్లాస్టిక్ సంచి మడిచి పెట్టి ఉంది. సంచి మీద కూరగాయల కొట్టు పేరు సగం కనిపిస్తోంది. పిట్ట గబుక్కున చూపు తిప్పుకుంది, చూడకూడనిదేదో చూసినట్టు.

బ్యాంకులో పనిచేసే ఆవిడ వచ్చింది. నెలకోసారి వస్తుంది, మెడ దాకా కత్తిరించుకుంటుంది. అక్క ఆవిడ మెడ కింద తువ్వాలు మడత పెట్టి, నీళ్ళు మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకుని, చెవులకి అరచెయ్యి అడ్డం పెట్టి తల తడిపింది. ఒక్క చుక్క కూడా మొహం మీద పడదు. చెవుల వెనక, మెడ గుంటలో, నుదుటి అంచున వేళ్ళు ఆగి ఆగి కదులుతుంటే బ్యాంకావిడ నోరు కాస్త తెరిచి నిద్రలోకి జారుకుంది. తర్వాత లేచి కుర్చీలో కూర్చుంది. పిట్ట జుట్టు కత్తిరించింది. వెళ్ళేటప్పుడు బ్యాంకావిడ పిట్ట చేతులు తడిగా ఉండడం చూసి, మడిచిన నోటుని తనే ఏప్రన్ జేబులోకి తోసి, "ఎంత హాయిగా ఉందో తల" అంది. తల హాయిగా ఉన్నది కత్తెర వల్ల కాదు.

ఆవిడ వెళ్ళాక పిట్ట బేసిన్ దగ్గరికి వెళ్ళి, జేబులో ఉన్నదంతా తీసి చాపింది.

"అక్కా, ఇది నువ్వు తీసుకో."

అక్క తువ్వాలు పిండుతోంది. పిండడం ఆపలేదు. "నీ చేతికిచ్చింది నీది. నేర్పలేదూ?"

"కడిగింది నువ్వేగా."

"కడిగితే? ఆవిడ నాకివ్వలేదుగా."

"పోనీ వచ్చే నెల నుంచి జీతం కాస్త..."

"చాల్లేవే. ఇచ్చేది సరిపోతోంది." అంతటితో ఆ మాట అయిపోయినట్టు ఆవిడ తువ్వాలు దులిపింది. దులిపేటప్పుడు చేతులు వణికాయి, తువ్వాలు చివర టపటపా కొట్టుకుంది.

రంగు గిన్నె కలుపుతున్న రంగులావిడ ఇదంతా చూసింది. అక్క తువ్వాళ్ళు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళాక, "ఎందుకామెని గుచ్చుతావు? మేడమ్‌గా ఉండాలని ఉంది, ఉండనీ. నీ సొమ్మేం పోయింది?" అంది.

"మేడమ్‌గా ఉంటే కాళ్ళు తడవకుండా ఉంటాయా? ఆ బూట్లు చూశావా?"

"చూశాను. నువ్వు చూసినట్టు ఆవిడకి తెలియనీయకు. అదీ మర్యాద."

పిట్టకి ఒళ్ళు మండింది. రంగులావిడకి ఎవరి బాధా పట్టదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. అందుకని ఆ మాటని అక్కడే వదిలేసింది. ఎంత పొరపాటు చేసిందో తర్వాత తెలిసొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం రిటైరైన టీచరమ్మ వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి ఒక సంగతి చెప్తే వీధి చివర మందుల షాపు దాకా తెల్లారేసరికి పాకిపోతుంది. పిట్టకి అది తెలియక కాదు. బహుశా తెలిసే చెప్పింది.

అక్క మేడ మీద ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. పిట్ట టీచరమ్మ తడి జుట్టు దువ్వుతూ అద్దంలో ఆవిడ కళ్ళలోకి చూసింది.

"టీచరుగారూ, మీకొక సంగతి చెప్పాలి. ఎవరితోనూ అనొద్దు."

"నేనెవరితో అంటానమ్మా!" టీచరమ్మ అప్పుడే నిటారుగా కూర్చుంది.

"ఈ షాపు ఇప్పుడు అక్కది కాదు. నేను తీసుకున్నాను. అక్క ఇక్కడ జీతానికి చేస్తోంది."

"అయ్యయ్యో! అమ్మేసిందా? మేడమా?"

"మెల్లగా. అది కాదు నేను చెప్పేది. మీరంతా ఆవిడ ఓనరనుకుని ఏమీ ఇవ్వట్లేదు. రోజంతా వంగి తలలు కడుగుతోంది. నా డబ్బిస్తే తీసుకోదు, మీరిస్తే కాదనలేదు. అందుకని..."

చివరి మాట మింగేసింది. అద్దంలో టీచరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళలో జాలి ఉంది, నిజమైన జాలే. దాని పక్కనే ఒక కొత్త కబురు దొరికిన మెరుపూ ఉంది. పిట్ట మొదటిదే చూసింది.

అక్క ఆరిన తువ్వాళ్ళు భుజాన వేసుకుని దిగేసరికి టీచరమ్మ లేచి నిలబడి ఉంది. పర్సు తెరిచింది. అక్క మొహం చూసింది. చూసి, పర్సు మూసేసి, "వస్తాను మేడమ్" అని గబగబా వెళ్ళిపోయింది.

"ఏమైందావిడకి, కబుర్లు చెప్పకుండానే వెళ్ళిపోయింది?" అంది అక్క.

"ఏమో" అంది పిట్ట. ఆ పూటంతా ఆమెకి మనసులో ఏదో మంచిపని చేసిన తృప్తి. అక్కకి కొత్త బూట్లు వచ్చినట్టూ, అవి వేసుకుని గుమ్మంలో తడి దులుపుకుంటున్నట్టూ ఊహించుకుంది. ఆ తృప్తే ఆమె కళ్ళకి గంతలు కట్టింది.

శనివారం పార్లర్లో కాలు పెట్టే సందు ఉండదు. వానకి వంకరపోయిన జుట్లన్నీ ఆ రోజే గుర్తొస్తాయి. బెంచీ నిండిపోయింది, గొడుగుల నీళ్ళు గుమ్మం దగ్గర మడుగు కట్టాయి. పిట్ట డ్రయ్యర్ చప్పుడులో ఎవరి మాటా వినిపించుకోకుండా పనిచేస్తోంది. అద్దంలో మాత్రం వెనకాల బేసిన్ కనబడుతోంది.

మొదట ఒక లావుపాటి ఆవిడ లేచింది. తలకి తువ్వాలు చుట్టుకుని కుర్చీ వైపు రాకుండా వెనక్కి తిరిగి, అక్క చేతిలో ఏదో పెట్టింది. అక్క రెండు చేతులూ చటుక్కున వెనక్కి పోయాయి. గడ్డం పిట్ట వైపు తిరగబోయింది. ఆ ఆవిడ నవ్వుతూ అక్క మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగి, వేళ్ళు విప్పి, నోటు పెట్టి, మళ్ళీ మూసింది. ఏదో అంది కూడా. చప్పుడులో వినబడలేదు.

అక్క ఆ పిడికిలి వంక చూస్తూ నిలబడింది. తర్వాత దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుని, తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూసి పెదవులు కదిపింది. "సంతోషమండీ" అని ఉంటుంది. పిట్టకి నేర్పిందీ అదే. ఎంతిచ్చారో చూడకూడదు, ఇచ్చినవాళ్ళ మొహం చూడాలి, ఒక్క మాట అనాలి, పనిలోకి వెళ్ళిపోవాలి.

పిట్టకి కళ్ళు చెమర్చాయి, సంతోషంతో. పని ఫలించింది అనుకుంది.

తర్వాత ఇంకొకావిడ ఇచ్చింది. ఆ తర్వాత బ్యాంకావిడ, నెల తిరక్కుండానే చివర్లు సరిచేయించుకోవాలని వంక పెట్టుకుని వచ్చింది. బేసిన్ దగ్గర్నుంచి లేచి పర్సు తీసింది. సరిగ్గా అప్పుడే పిట్ట డ్రయ్యర్ ఆపింది.

"ఇదేంటమ్మా, వద్దు" అంటోంది అక్క.

"ఫర్వాలేదండీ, మాకు తెలిసిందిలెండి. ఇప్పుడు తీసుకోవచ్చుగా."

ఇప్పుడు తీసుకోవచ్చుగా. ఎంతో మంచిగా, మెల్లగా అంది బ్యాంకావిడ. షాపంతా నిశ్శబ్దంగా ఉంది. బెంచీ మీద వాళ్ళు పత్రికల్లోంచి తలెత్తలేదు. తలెత్తకపోవడం చూస్తేనే తెలుస్తోంది అందరికీ తెలుసని.

అది మొదలు ఆమెకి అన్నీ వినబడసాగాయి. ఎన్నో ఏళ్ళుగా మేడమ్ మేడమ్ అన్న నోళ్ళు ఆ మాట ఎక్కడ పారేశాయో తెలియదు. ఒకావిడ "అమ్మా" అంది. ఇంకొకావిడ ఏమీ అనకుండా "ఇదిగో" అంది. సాయంత్రానికి కొత్తగా పెళ్ళైన ఒకమ్మాయి, నిరుడు అక్క చేత జుట్టు అలంకరణ చేయించుకుని కాళ్ళకి దణ్ణం పెట్టినంత పనిచేసిన అమ్మాయి, కళ్ళు మూసుకునే "నీళ్ళు ఇంకాస్త వేడిగా పెట్టు. చెవిలోకి పోతున్నాయి, చూసుకోవద్దూ?" అంది. పెట్టండి కాదు, పెట్టు. కావాలని అన్నది కాదు. మనిషి స్థానం మారితే నాలుక తనంతట తనే మారుతుంది.

"పెడతానమ్మా" అంది అక్క.

ఆ ఏప్రన్ జేబు సాయంత్రానికి ఉబ్బెత్తుగా ఉంది. వేసవి నుంచి ఇప్పటిదాకా అందని డబ్బు ఒక్క రోజులో అందింది. దాని వంక చూడడానికి పిట్టకి మొహం చెల్లలేదు.

అందరూ వెళ్ళాక అక్క బేసిన్ తోమింది. జాలీలో చిక్కుకున్న జుట్టు వేలితో తీసి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది. తువ్వాళ్ళు లెక్క చూసి మడతపెట్టింది. రంగులావిడ అప్పటికే ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్ళిపోయింది. అక్క ఏప్రన్ విప్పుతూ, పిట్ట వంక చూడకుండా అడిగింది.

"నువ్వే చెప్పావా?"

"ఏంటక్కా?"

"నువ్వే చెప్పావా అని."

నిజం పిట్ట నాలుక చివర దాకా వచ్చింది. నీ కోసమే చెప్పాను, నీ బూట్లు చూసి చెప్పాను అనాలనుకుంది. బూట్ల మాట ఎత్తడానికి నోరు రాలేదు. "లేదక్కా. ఎలా తెలిసిందో ఏమో. ఆ టీచరమ్మే ఎక్కడో విని..."

"సరేలే" అంది అక్క. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ అబద్ధాన్ని నమ్మలేదని పిట్టకి తెలుసు. నమ్మినట్టు ఊరుకోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆదివారం సెలవు. సోమవారం అక్క రాలేదు.

పిట్టే తలలు కడిగింది, పిట్టే కత్తిరించింది. ఎన్నాళ్ళయిందో బేసిన్ దగ్గర వంగి, నడుము పట్టేసింది. "ఇవాళ తలలు కడిగే ఆవిడ రాలేదా?" అని అడిగారు. పిట్ట సమాధానం చెప్పకుండా నీళ్ళు తిప్పింది. మధ్యాహ్నానికి ఇక ఉండలేక రంగులావిడకి షాపు అప్పజెప్పి బయల్దేరింది.

"వెళ్ళు. వెళ్ళి తిట్లు తిను" అంది రంగులావిడ. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

తిట్టినా బాగుండునని దారంతా అనుకుంది పిట్ట. అక్క తిట్టిందంటే అక్కగా ఉన్నట్టే. "ఎందుకే నీకీ పెద్దరికం" అని నెత్తిన ఒకటి మొట్టితే చాలు, కాళ్ళ మీద పడిపోవచ్చు. ఆమెకి కావలసింది క్షమించడం కూడా కాదు. ఆ మనిషి తనకి మిగలాలి, అంతే.

అక్క ఉండేది ఒక ఇరుకు మేడ మీద, రెండు గదులు. తలుపు తీసే ఉంది. కిటికీ పక్క మంచం మీద అక్క భర్త ఎత్తు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి పీల్చుకోవడమే పెద్ద పనిలా ఉంది ఆయనకి. అయినా పిట్టని చూడగానే మొహం విప్పారింది.

"రా పిట్టా, రా! మీ ఓనరమ్మ ఇవాళ సెలవు పుచ్చుకుంది. ఆవిడ షాపు, ఆవిడ ఇష్టం. అడిగేవాడెవడు?"

పిట్ట గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. వెనక్కి తిరక్కుండానే కసిరింది.

"ఏమే పిట్టా, షాపు ఎవరి మీద వదిలేసి వచ్చావు?"

"రంగులావిడ ఉందక్కా."

"దాని మీదా! సరిపోయింది. రంగు గిన్నెలు కడగకుండా ఎండబెడుతుంది, మళ్ళీ నేనే గోక్కోవాలి. కూర్చో, టీ తాగి వెళుదువుగాని."

పిట్ట గుండె ఎగిరి గంతేసింది. అదే గొంతు, అదే కసురు. కోపం పోయింది, అక్క మళ్ళీ అక్క అయింది అనుకుని ముక్కాలి పీట మీద కూలబడింది. టీ కప్పు అందించేటప్పుడు సాసర్ గలగలలాడింది. అక్క దాన్ని రెండో చేత్తో ఆపింది.

"వానల్లో బేరాలెలా ఉన్నాయి?" అడిగాడాయన.

"బాగానే ఉన్నాయి బావగారూ."

"ఉండాలి మరి. ఆ షాపే లేకపోతే నా మందులు ఎక్కణ్ణుంచి వచ్చేవి? వేసవిలో ఆసుపత్రి ఖర్చంతా అదేగా మోసింది." మాట్లాడుతూ ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. "అప్పుడే చెప్పాను మీ అక్కకి. నేను పోతే పోయాను, షాపు మాత్రం అమ్మకు అని. నాకు మాటిచ్చింది. ఇచ్చావా లేదా?"

"ఇచ్చానండీ, ఎన్నిసార్లు అడుగుతారు?" అంది అక్క.

పిట్ట చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన ఇంకా చెప్తూనే ఉన్నాడు. నిన్న టీచరమ్మ నన్ను చూడడానికి వచ్చిందట, కింద మెట్ల దగ్గరే నిలబెట్టి పంపించేసింది మీ అక్క, పైకి రానివ్వలేదు, నాకు మాత్రం కబుర్లు చెప్పేవాళ్ళెవరున్నారు అని నవ్వుతూ ఫిర్యాదు చేస్తున్నాడు. పిట్టకి ఒక్కో మాటా తల మీద బండ పెట్టినట్టు ఉంది. అక్క ఇన్ని నెలలూ మేడమ్‌గా ఉన్నది దర్జా కోసం కాదు. ఈ మంచం మీద మనిషి నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవడం కోసం. అది తెలియక తను అద్దంలో చూస్తూ టీచరమ్మ చెవిన వేసింది.

లేచి నిలబడింది. "వస్తాను బావగారూ."

"వెళ్ళు వెళ్ళు. మీ ఓనరమ్మ చూస్తూ ఉంటే బాతాఖానీ ఏంటి?"

"పదవే, కింద దాకా వస్తాను" అంది అక్క.

మెట్లు చీకటిగా ఉన్నాయి. అక్క గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. మలుపు దాటి, పైనుంచి మాట వినబడని చోటికి రాగానే పిట్ట ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"అక్కా, నేనే చెప్పాను. అబద్ధమాడాను. బావగారికి తెలియదని నాకు తెలీదక్కా. నీకు నాలుగు డబ్బులొస్తాయని..."

"తెలుసండీ" అంది అక్క.

పిట్టకి మొదట అర్థం కాలేదు.

"మీరు మంచికే చేశారు. నాకు కోపం లేదు. రేపు పొద్దున్నే వస్తాను మేడమ్. ఇవాళ్టి జీతం కోసుకోండి."

"అక్కా!"

"మెల్లగా. పైకి వినబడుతుంది."

"నన్ను తిట్టక్కా. కొట్టు. అలా పిలవకు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

అక్క తన చెయ్యి వదిలించుకోలేదు. ఆ వణుకు పిట్ట అరచేతిలో తెలుస్తూనే ఉంది. "నేను ఓనరుగా ఉన్నప్పుడు మీరు నన్ను అక్కా అంటే, ఎంత కలుపుగోలు మనిషో అని జనం నన్నే మెచ్చుకున్నారు. ఇప్పుడు బేసిన్ దగ్గర నిలబడి మిమ్మల్ని పిట్టా అంటే, ఎంత నోరో చూడు అంటారు. మొన్నటిదాకా ఎవరికీ తెలియదు గనక గడిచిపోయింది. అందరికీ తెలిశాక నేను కూడా తెలుసుకోవాలిగా. నాకు ఆ పని కావాలి మేడమ్. ఆ ఇచ్చే చిల్లర కూడా కావాలి. రెండూ కావాలంటే ఇలాగే ఉండాలి."

పిట్ట ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఒక్కటి మాత్రం ఒప్పుకోండి. మీరు ఎప్పుడైనా ఇలా ఇంటికి వస్తే, ఆయన ముందు పిట్టా అనే పిలుస్తాను. నువ్వు అనే అంటాను. ఆయన ఉన్నన్నాళ్ళూ. తప్పుగా అనుకోకండి."

చెప్పి, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైనుంచి "అంతసేపు ఏం చెప్పావు దానికి?" అని ఆయన గొంతు వినిపించింది. "రేపటి పని చెప్పానండీ" అంటోంది అక్క.

మర్నాడు పిట్ట షాపు తలుపు తోసేసరికి అక్క అప్పటికే వచ్చి ఉంది. తువ్వాళ్ళు మడతపెట్టి ఉన్నాయి, బేసిన్ మెరుస్తోంది. బెంచీ మీద కూర్చున్న అక్క పిట్టని చూసి లేచి నిలబడింది. పిట్ట కళ్ళనీళ్ళు కుక్కుకుని గబగబా ఏప్రన్ కట్టుకుంది. రంగులావిడ తల దించుకుని గిన్నెలు కడుగుతోంది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

పదింటికి ఒక కొత్తావిడ వచ్చింది. ఈ వీధిలోకి ఈ మధ్యే అద్దెకి దిగిందట. అక్క తల కడిగింది, పిట్ట కత్తిరించింది. జుట్టు బాగా కుదిరింది. ఆవిడ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మురిసిపోయి, పర్సులోంచి నోటు తీసి పిట్ట వైపు చాచింది. పిట్ట చెయ్యి, ఇన్నేళ్ళ అలవాటున, దానంతట అదే ముందుకు వెళ్ళింది.

"ఆవిడకి ఇవ్వకూడదమ్మా."

అక్క బేసిన్ దగ్గర్నుంచి వచ్చి నిలబడింది. చేతులు తుడుచుకుంటోంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. కొత్తవాళ్ళకి పద్ధతి తెలియకపోతే చెప్పాలి గనక చెప్తోంది.

"ఆవిడ ఓనరు. ఓనరుకి టిప్పు ఇస్తే బాగుండదు. తల కడిగింది నేను, నాకివ్వండి."

కొత్తావిడ నాలుక కరుచుకుంది. "అయ్యో, సారీ మేడమ్, నాకు తెలియలేదు" అంది పిట్టతో. నోటు అటు మళ్ళింది. అక్క అరచెయ్యి చాచింది, వెనక్కి దాచుకోకుండా, అది వణుకుతున్నా సరే. ఎంతో చూసుకోలేదు. ఇచ్చిన మనిషి మొహం చూసి, "సంతోషమండీ" అంది.

పిట్ట అటు తిరిగి కత్తెర తుడిచింది. తుడిచిన దాన్నే మళ్ళీ తుడిచింది. షాపులో ఎవరూ తన మొహం చూడకుండా నిలబడే చోటు లేదు, నలువైపులా అద్దాలే. బెంచీ మీద మనుషులు ఎదురు చూస్తున్నారు. తర్వాత ఎవరని అడగబోయింది.

బేసిన్ దగ్గర్నుంచి అక్కే బెంచీ వైపు తిరిగింది.

"రండమ్మా, రండి. మేడమ్ పిలుస్తున్నారు."